గుర్రం కాలు విరిగిన రోజు

అది 1861. ఫ్రాన్స్‌లో కొమాంత్రీ అనే ఊళ్లో ఒక బొగ్గుబావి. లోపల పనిచేసే గుర్రానికి పొద్దున్నే కాలు విరిగింది. అక్కడున్న కుర్ర ఇంజినీరుకి ఇరవయ్యేళ్లుంటాయేమో. వెంటనే ఇంకో గుర్రాన్ని పంపమని కాగితం రాసి శాలకి పంపించాడు. శాల చూసుకునే మనిషి కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. దానిమీద డైరెక్టరుగారి సంతకం లేదట. డైరెక్టరు ఊళ్లో లేడు. తాను లేనప్పుడు ఎవరు సంతకం చెయ్యాలో చెప్పి వెళ్లనూ లేదు. ఇంజినీరు ఎంత బతిమాలినా ఆ మనిషి ఒప్పుకోలేదు. తనకున్న ఆర్డరు అదే మరి! శాలలో గుర్రాలున్నాయి, బావిలో బొగ్గుంది, పనివాళ్లున్నారు. ఆ రోజు ఆ వైపు పని మాత్రం సాగలేదు.

'సార్ లీవులో ఉన్నారండీ, సోమవారం రండి' అన్న మాట గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది.

ఆ కుర్రాడు ఈ సంగతిని తన డైరీలో రాసి పెట్టుకున్నాడు. అధికారి లేకపోవచ్చుగానీ అధికారం లేకుండా పోకూడదనీ, తన బదులు ఎవరన్నది ముందే తేల్చి పెట్టాలనీ ఆయనకి ఆ రోజు తెలిసొచ్చింది. ఆయన పేరు హెన్రీ ఫేయోల్. మీ ఇంట్లో బీకామో ఎంబీయేనో చదివే పిల్లలుంటే అడిగి చూడండి, 'ఫేయోల్ పద్నాలుగు సూత్రాలు' గడగడా అప్పజెబుతారు. పరీక్షలో పదిమార్కుల ప్రశ్న కదా! ఆ పద్నాలుగూ పుట్టింది ఏసీ గదిలో కాదని, బొగ్గుబావిలో అని మాత్రం చాలామందికి తెలియదు. అందుకే వాటిని ఈ వారం మన కొత్తగూడేనికి తెచ్చుకుని చూద్దాం. అక్కణ్నుంచి గోదావరి దాటి భద్రాచలం అడవి అంచుదాకా వెళ్దాం.

రెండు బావుల కథ

ఫేయోల్ 1841లో ఇస్తాంబుల్‌లో పుట్టాడు. సెంతెత్యెన్ మైనింగ్ స్కూల్లో చదువు ముగించి, 1860లో పంతొమ్మిదేళ్ల వయసులో కొమాంత్రీ గనిలో చేరాడు. అక్కడ మొదట ఆయన తలమునకలైంది నిర్వహణ సూత్రాలతో కాదు, గనిలోపల రగిలే మంటలతో. బొగ్గు తనంతట తనే వేడెక్కి అంటుకునే జబ్బు మన సింగరేణి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1888లో కంపెనీ మూతపడే దశకి వచ్చినప్పుడు ఆయన్ని పైకుర్చీలో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లు నడిపి, నిలబెట్టి, 1918లో దిగాడు. డెబ్భై అయిదేళ్ల వయసులో, 1916లో, తన అనుభవమంతా ఒక పుస్తకంగా వేశాడు. ప్రణాళిక వెయ్యడం, ఏర్పాట్లు చెయ్యడం, ఆజ్ఞలివ్వడం, సమన్వయం చెయ్యడం, అదుపు చూసుకోవడం - పై అధికారి పని ఈ అయిదే అన్నాడు. పద్నాలుగు సూత్రాలూ అందులోవే. అయితే ఇవి రాతిమీద గీతలు కావనీ, సందర్భాన్నిబట్టి వాడుకోవాలనీ కూడా ఆయనే చెప్పాడు. గైడుల్లో ఆ ముక్క ఉండదు!

సరిగ్గా అదే కాలంలో మన వైపు ఏం జరుగుతోందో చూడండి. 1870ల మొదట్లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకానికి హక్కులు తీసుకుంది. ఇల్లెందులో 1889లో బొగ్గు తియ్యడం మొదలైంది. అంటే ఫేయోల్ పైకుర్చీ ఎక్కిన మరుసటేడు. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది. ఇప్పుడది నూరేళ్లు దాటిన సంస్థ, తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. హెడ్డాఫీసు నేటికీ కొత్తగూడెమే. ఫేయోల్‌కి సెంతెత్యెన్ ఉన్నట్టు మనకీ కొత్తగూడెంలో 1978 నుంచి మైనింగ్ కాలేజీ ఉంది. 2025లో అది ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా ఎదిగింది.

ఈ రెండు గనులూ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. అయినా రెండుచోట్లా వచ్చిన చిక్కులు ఒకటే.

ఒక మనిషికి ఒకే మాట

పద్నాలుగింటిలో ఫేయోల్ ప్రాణంలా చూసుకున్నది ఒకటుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాన్ని 'ఆదేశ ఏకత్వం' అని గంభీరంగా రాస్తారు. మామూలు మాటల్లో చెప్పాలంటే పనిచేసే మనిషికి ఒక్కరే ఆజ్ఞ ఇవ్వాలి. దీనికి ఫ్రాన్స్ దాకా ఎందుకు? 'ఒరేయ్, కొట్టుకెళ్లి పెరుగు పట్రా' అని అమ్మ, 'కదిలావంటే ఊరుకోను, లెక్కలు చెయ్' అని నాన్న. మధ్యలో పిల్లాడేం చేస్తాడు? హాయిగా టీవీ ముందు కూర్చుంటాడు. ఎవరడిగినా రెండోవాళ్ల పేరు చెప్తాడు.

ఇంట్లో అయితే పెరుగు రాదు, అంతే. బాయిలో అయితే ప్రాణం పోతుంది. (మన దగ్గర గని అనేది పేపర్లో. నోట్లో మాత్రం 'బాయి'.)

బొగ్గుబాయిలో ఎవరికింద ఎవరన్నది కంపెనీ ఇష్టం కాదు, చట్టం. మేనేజరు, ఆయన కింద అండర్ మేనేజరు, ఆ కింద ఓర్‌మెన్, ఆ కింద సర్దార్. సర్దార్‌కి బాయిలో కొంత మేర అప్పగిస్తారు, దాన్ని 'డిస్ట్రిక్టు' అంటారు. కార్మికులు పనిలోకి దిగకముందే ఆయన వెళ్లి గాలి చూడాలి, గ్యాసు చూడాలి, పైకప్పు చూడాలి. కర్రతో పైకప్పు మీద కొడితే ఠంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే పొర విడుతోందన్నమాట. అప్పుడు అక్కడినుంచి మనుషుల్ని వెనక్కి రప్పించే బాధ్యత, అధికారం రెండూ ఆయనవే.

ఇంకో చిత్రం చెప్తాను. 1952 నాటి గనుల చట్టంలో 17వ సెక్షన్ అని ఉండేది. గని యజమాని అయినా సరే, అత్యవసరమైతే తప్ప, చట్టపరమైన విధుల్లో ఉన్న కింది ఉద్యోగికి నేరుగా ఆజ్ఞ ఇవ్వకూడదు. మేనేజరు ద్వారానే చెప్పాలి. మేనేజరుకి చెప్పిందీ వెంటనే కాగితమ్మీద పెట్టాలి. అంటే కొత్తగూడెం హెడ్డాఫీసు నుంచి ఎంత పెద్దసారు వచ్చినా, సర్దార్‌ని పక్కకి పిలిచి 'ఏం కాదులే, కానిచ్చెయ్' అనడానికి వీల్లేదు! ఫేయోల్ సూత్రం పార్లమెంటు చట్టంగా మారితే ఎలా ఉంటుందో అలా ఉందది. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత చట్టం వాటిలో కలిసిపోయింది. గనికి ఒకే మేనేజరు ఉండాలన్న నియమం మాత్రం కొత్త దాంట్లోనూ ఉంది.

మేనేజ్‌మెంట్ సెమినార్లలో ఈ మధ్య 'పాత సిద్ధాంతాలకు కాలం చెల్లింది, ఇప్పుడంతా టీమ్ వర్కే' అనడం ఫ్యాషనయింది. ఆ మాట అనేవాళ్లని ఒక్క షిఫ్టు పైకప్పు డొల్లగా మోగే చోట నిలబెడితే బావుంటుందనిపిస్తుంది.

టబ్బు లెక్క, కట్ట లెక్క

ఫేయోల్ పైనుంచి కిందికి చూస్తే, అమెరికాలో టేలర్ అనే ఆయన కింది నుంచి చూశాడు. బెత్లహేమ్ స్టీల్ కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసేవాళ్లని పక్కన నిలబడి గమనించి, ఎప్పుడు వంగాలి, ఎప్పుడు నడవాలి, ఎప్పుడు కూర్చోవాలి అని లెక్క కట్టాడు. రోజుకు పన్నెండున్నర టన్నులు మోసే మనిషి చేత నలభై ఏడున్నర టన్నులు మోయించాననీ, రోజుకూలి డాలరూ పదిహేను సెంట్ల నుంచి డాలరూ ఎనభై అయిదు సెంట్లయిందనీ 1911లో రాసిన పుస్తకంలో గొప్పగా చెప్పుకున్నాడు. ఒక్కసారి లెక్క వేసుకోండి. పని దాదాపు నాలుగింతలు, కూలి ఒకటిన్నర రెట్లకు కాస్త పైన. శాస్త్రీయ నిర్వహణ అంటే అది! ఆ అంకెల్లో అతిశయం ఉందని తర్వాతి పరిశోధకులు తేల్చారనుకోండి.

సింగరేణిలో టేలర్‌కి తోబుట్టువు కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గెత్తి టబ్బులు నింపేవాళ్లు. నెలజీతం కాదు, ఎన్ని టబ్బులు నింపితే అంత. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ టబ్బే రాకపోతే? తాడు తెగిందనో, పట్టా తప్పిందనో పైనుంచి ఖాళీ టబ్బులు దిగకపోతే ఫిల్లర్ తప్పేముంది? అలాంటి రోజున ఇచ్చే కనీస కూలికి 'ఫాల్‌బ్యాక్ వేజ్' అని పేరు. దాని చుట్టూ ఎన్ని గొడవలో! యంత్రాలొచ్చాక ఫిల్లర్ పని క్రమంగా పోయింది. ఆ పదం మాత్రం పాతకాలపు కార్మికుల ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది.

ఇక గోదావరి దాటండి. దుమ్ముగూడెం, చర్ల వైపు ఎండాకాలం వస్తే తునికాకు. మోదుగ, ఇప్ప చెట్ల మధ్య తెల్లవారకముందే కోయ కుటుంబాలు పిల్లాజెల్లాతో అడవిలోకి వెళ్తాయి. ఆకు కోసి, ఇంటికి తెచ్చి, కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. కట్టకి యాభై ఆకులు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. అంటే యాభైవేల ఆకులు. ఒక్కో ఆకూ చేత్తో కోసిందే, చేత్తో పేర్చిందే.

ఇదీ ముక్కల లెక్కే. టేలర్ మెచ్చుకోవాలి కదా? మెచ్చుకోడు. ఎందుకంటే ముక్కకింత అని చెల్లించడం ఒక్కటే ఆయన సిద్ధాంతం కాదు. పనిముట్టు యాజమాన్యం ఇవ్వాలి, పద్ధతి యాజమాన్యం నేర్పాలి, విశ్రాంతి యాజమాన్యం లెక్కగట్టాలి అన్నాడు. కల్లం దగ్గర అవేవీ లేవు. ఎండ, నడక, గాలివాన, మచ్చపడిన ఆకు అన్నీ కోసేవాళ్ల నెత్తినే. పైగా లెక్కపెట్టేది కల్లేదారు. కట్ట పలచగా ఉందని పక్కన పడేసినా, కొసరు కింద నాలుగు కట్టలు ఎక్కువ పెట్టమన్నా కాదనేవాళ్లు లేని రోజులు చాలాకాలం నడిచాయి. ప్రభుత్వం 1971లో చట్టం చేసి ఈ వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుంది. కట్టకి ఎంతివ్వాలన్న దానిమీద 1980ల్లో ఈ అడవిలో పెద్ద పోరాటాలే నడిచాయి. ఏ సిద్ధాంతమైనా అడవిలోకి వచ్చేసరికి అందులో యజమానికి పనికొచ్చే సగమే మిగులుతుందని నాకో అనుమానం.

ఒక రోజుకి ఎనిమిది రోజులు

క్రమశిక్షణ గురించీ ఫేయోల్ రాశాడు. అయితే దాన్ని బెత్తంగా చూడలేదు, ఇరుపక్షాల మధ్య ఒప్పందంగా చూశాడు. శిక్ష వెయ్యొచ్చు, కానీ విచక్షణతో వెయ్యాలి. న్యాయంతో దయ కలిపితేనే 'ఈక్విటీ' అన్నాడు.

మన దగ్గర 1981లో ఏమయిందో పాత కార్మికులకు గుర్తే. నోటీసు లేకుండా ఒక రోజు పని ఆపితే ఎనిమిది రోజుల జీతం కోత! చట్టంలో అందుకు వీలుంది. చట్టంలో ఉన్నదల్లా చెయ్యాలా అన్నదే ప్రశ్న. బాయిలు బాయిలే ఆగిపోయాయి. సమ్మె 56 రోజులు నడిచింది. ఒక్కరోజు పనిని కాపాడుకోవాలనుకున్న యాజమాన్యం దాదాపు రెండు నెలల పనిని పోగొట్టుకుంది. ఆ కోపంలోంచే కార్మికుల్లో తీవ్రవాద సంఘమూ పుట్టుకొచ్చింది. ఆ తర్వాత పదేళ్లూ సింగరేణిలో చిన్నదానికీ పెద్దదానికీ పని ఆగిపోయేది, ఏడాదికి వందల్లో సమ్మెలు. కంపెనీ 1990ల్లో నష్టాలతో బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది.

గట్టెక్కిన తీరు కూడా ఫేయోల్ పుస్తకంలో పేజీలాగే ఉంటుంది. సంఘాలు ఎన్నున్నా యాజమాన్యంతో మాట్లాడాల్సింది ఎవరో కార్మికులే ఓటేసి తేల్చాలని 1998లో మొదటిసారి గుర్తింపు ఎన్నికలు పెట్టారు. ఆ తర్వాత లాభాల్లో కార్మికుడికి వాటా అన్నారు. యాజమాన్యం సంపాదన, కార్మికుడి సంపాదన ఒకే తాడుకి కట్టారన్నమాట. అప్పట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చారన్నది ఇంకో వైపు. ఒకప్పుడు తండ్రి, కొడుకు, మనవడు బాయిలోనే పనిచేసిన ఇళ్లు ఇల్లెందులో, కొత్తగూడెంలో వీధికి నాలుగు. ఉద్యోగికి పని నేర్చుకునేంత, నిలదొక్కుకునేంత సమయమివ్వాలన్నది కూడా పద్నాలుగింటిలో ఒకటి. మార్కులు తక్కువొచ్చే సూత్రం.

ఏటపాక దాకా ఒక చెక్క

ఫేయోల్ చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది వంతెన ఉపాయం. ఆఫీసుల్లో ఫైలు మెట్టు మెట్టూ ఎక్కి, పైదాకా వెళ్లి, అవతలి వైపు మెట్టు మెట్టూ దిగాలి. ఇద్దరు గుమస్తాలు పక్కపక్క గదుల్లోనే ఉన్నా అంతే. ఇది తెలివితక్కువతనమని ఆయనకి తెలుసు. అందుకే ఆ ఇద్దరి మధ్యా చెక్క ఒకటి వెయ్యమన్నాడు. పైవాళ్ల అనుమతితో నేరుగా మాట్లాడుకోనివ్వండి, తేలిన విషయం పైకి చెప్పనివ్వండి, చాలు.

ఈ చెక్క అవసరం ఎక్కడుందో తెలుసుకోవాలంటే భద్రాచలం వెళ్లాలి. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఏటపాక ఆంధ్రాకి వెళ్లింది. వీధి దాటితే రాష్ట్రం మారుతుంది. రోడ్డు, మురుగు, చెత్త, అడవిలో పోడు తగాదా ఏదైనా సరే, సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఉద్యోగులు మాట్లాడుకుంటే తేలే సంగతి, కాగితాల దారిలో వెళ్తే హైదరాబాద్ ఎక్కి అమరావతిలో దిగాలి. ఫేయోల్ గీసిన బొమ్మ అచ్చం ఇదే. ఆయన మెట్లకి రెండు రాజధానుల పేర్లు పెట్టుకోవడమే తరువాయి.

గోదావరి మాత్రం ఫైలు కోసం ఆగదు. అందుకే వరదల్లో అన్నీ ముందే తేల్చి పెట్టారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏ అడుగుకి ఏ పని మొదలెట్టాలన్నది ఎవరి సంతకం కోసమూ ఆగే వ్యవహారం కాదు. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన ఊరది. మామూలు రోజుల్లో అంత పకడ్బందీగా ఎందుకుండమో!

ఎవరి మనిషి?

ఇప్పుడు మళ్లీ గనికి వద్దాం. ఓపెన్‌కాస్టులొచ్చాక పని తీరే మారింది. బొగ్గు మీదున్న మట్టిని తీసే పని చాలావరకు కాంట్రాక్టర్లది. పారిశుధ్యం, సెక్యూరిటీ, రవాణా అన్నిట్లోనూ కాంట్రాక్టు కార్మికులే. ఒకే గేటు, ఒకే దుమ్ము, ఒకే షిఫ్టు సైరన్. కానీ ఈ మనిషికి ఆజ్ఞ ఎవరివ్వాలి?

ఇక్కడే పెద్ద ముడి. గనిలో ఉన్న ప్రతి మనిషి భద్రతకీ మేనేజరే బాధ్యుడని పాత గనుల చట్టం చెప్పేది. రోజువారీ పని చెప్పి చేయించాల్సింది కాంట్రాక్టరు మనిషేనన్నది కాంట్రాక్టు విధానం. కంపెనీ అధికారే నేరుగా పని పురమాయిస్తుంటే, 'ఇది పేరుకే కాంట్రాక్టు, నిజానికి నేను కంపెనీ మనిషినే' అని కార్మికుడు ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. కాంట్రాక్టు బూటకమని తేలితే అతణ్ని కంపెనీ కార్మికుడిగానే చూడాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని కంపెనీ అధికారి పని చెప్పీ చెప్పనట్టు చెప్తాడు. కాంట్రాక్టరు సూపర్‌వైజర్ ట్రిప్పులు పెంచమంటాడు. అంచున మట్టి జారేలా ఉంది, డంపర్ ఆపమని ఓర్‌మెన్ అంటాడు. జీతమిచ్చేది ఒకరు, ప్రాణానికి పూచీ ఇంకొకరు. డ్రైవరు ఎవరి మాట వినాలి? పెరుగుకీ లెక్కలకీ మధ్య ఇరుక్కున్న పిల్లాడిలా టీవీ ముందు కూర్చునే వీలు అతనికి లేదు.

పొద్దున పనికెళ్లిన మనిషి కోసం ఎదురుచూసే ఇంట్లోవాళ్లకి ఆదేశ ఏకత్వం గురించి తెలియనక్కర్లేదు. ఏదైనా జరిగితే ఎవరి ఆఫీసు ముందు నిలబడాలో మాత్రం తెలియాలి. కాంట్రాక్టరు కంపెనీని చూపిస్తే, కంపెనీ కాంట్రాక్టరుని చూపిస్తే, ఆ నిలబడ్డమే ఏళ్ల తరబడి సాగుతుంది.

2024 దసరా ముందు సింగరేణి లాభాల్లో 33 శాతం వాటా ప్రకటించారు. పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు. ఆ ఏడాదే మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికుడికీ ఇచ్చారు, అయిదు వేలు. 2025లో వాటా 34 శాతమైంది. కాంట్రాక్టు కార్మికుడి చేతిలో పెట్టింది అయిదు వేల అయిదు వందలు.